ఆ రోజు గాలి లేదు

లాక్‌డౌన్ మొదలైన నాలుగో వారానికి ఆ ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. ఐర్లండ్‌లో కార్క్ నగరం పక్క బాలింకాలిగ్‌లో మూడు పడగ్గదుల ఇల్లు, ఆగస్టు దాకా లీజు. ముగ్గురు తెలుగమ్మాయిలం కలిసి తీసుకున్నాం. ఒకమ్మాయి డబ్లిన్ దగ్గర లీక్స్‌లిప్‌లో చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేస్తున్న వాళ్ల అన్నయ్య ఇంటికి వెళ్లిపోయింది. రెండో అమ్మాయి ఎందుకు వెళ్లిందో కొంచెం ఆగి చెబుతాను. తప్పించుకోవడానికి కాదు. దానికి ముందు ఒక ముసలి నావికుడి సంగతి చెప్పాలి, అతను లేకపోతే ఈ మాట నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

అప్పటికి నా మాస్టర్స్ అయిపోయి ఏడు నెలలు. డేటా అనలిటిక్స్ చదివానని గొప్పగా చెప్పుకునేదాన్ని, ఎవరి డేటా ఎవరూ నా చేతిలో పెట్టలేదు. మార్చిలో ఉన్న రెండు ఇంటర్వ్యూలూ "పరిస్థితులు చక్కబడ్డాక" అని వెనక్కి పోయాయి. రోజుకు నాలుగు అప్లికేషన్లు పంపడం, ప్రభుత్వం అనుమతించిన రెండు కిలోమీటర్ల లోపల ఒకసారి నడవడం, ఇవే నా పనులు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండి, సూపర్ మార్కెట్‌లో ప్లాస్టిక్ అద్దం వెనక అమ్మాయి "హౌ ఆర్ యూ" అంటే జవాబు బొంగురుగా, ఎవరిదో గొంతులా వచ్చింది. అక్కడే ఏడుపొచ్చింది నాకు. పాల డబ్బా తీసుకుని వచ్చేశాను.

ఆ వారమే ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన చూశాను. ఊరి చరిత్ర మీద పనిచేసే చిన్న సంఘం ఒకటి పాత చేతిరాత కాగితాలను టైపు చేసిపెట్టే వాలంటీర్ల కోసం వెతుకుతోంది. సంఘం పెద్దాయన రిటైరైన బడిపంతులు, డెబ్బై దాటి ఇంట్లోంచి కదలకూడని వయసు. ఫోన్‌లో నా పేరు మూడుసార్లు పలికి, మూడుసార్లూ తప్పు పలికి, "యూ ఆర్ గ్రాండ్" అని, ఇక్కడివాళ్ల మాటలో పర్వాలేదని, పని అప్పజెప్పాడు. రెండు వందల ఏళ్ల కిందటి బ్రిటిష్ నౌకాదళ అధికారి ఒకాయన రోజువారీగా రాసుకున్న లాగ్‌బుక్కులు తొమ్మిది, తను పంపిన ఉత్తరాల నకళ్లు రాసి పెట్టుకున్న పుస్తకం ఒకటి, అన్నీ ఫోటోలుగా వచ్చాయి. తేదీ, గాలి, వాతావరణం, విశేషాలు. నాలుగు గళ్లు. ఎక్సెల్ షీట్ తెరిచి కూర్చున్నాను. తిండి వేళ తప్ప లేచేదాన్ని కాదు.

పన్నెండేళ్లకే ఓడెక్కించారు అతన్ని. తండ్రి కార్క్ పక్క పల్లెలో చర్చి పాస్టరు. కొడుకులెక్కువ, భూమి తక్కువ. మొదటి పుస్తకం నిండా సిరా మరకలే. మొదటి వారం కడుపులో పేగులు బయటికొచ్చేలా వాంతులు చేసుకుని ఉంటాడు, కానీ "స్వల్ప అస్వస్థత, నైరుతి గాలి" అని రాశాడు. పందొమ్మిదేళ్లకు ఫ్రెంచివాళ్లతో జరిగిన పోరులో ఎడమ చేతి వేళ్లు రెండు పోయాయి. ఆ రోజు విశేషాల గడిలో శత్రువు ఓడ ఏ గంటకు లొంగిందో రాసి, తర్వాత "వేళ్లు రెండు, ఎడమ. పొగమంచు" అన్నాడు. అంతే. ఉల్లిపాయ కోస్తూ వేలు తెగితే ఫోటో తీసి నలుగురికి పంపే మనిషిని నేను. ఈయన గుండె రాతితో చేసిందేమో అనుకున్నాను.

యుద్ధం అయిపోయింది. ఓడలకు పనిలేదు, అధికారుల్ని సగం జీతమిచ్చి ఇంట్లో కూర్చోమన్నారు. అతను తొమ్మిదేళ్లు కూర్చున్నాడు. ఉత్తరాల పుస్తకంలో ఆ తొమ్మిదేళ్లూ ఒకటే ఉత్తరం, నెలకొకటి, లండన్‌లో నౌకాశాఖ వాళ్లకు. తమరి దయవల్ల ఏ ఓడలోనైనా, ఏ సముద్రంలోనైనా ఉద్యోగం ఇప్పించగలందులకు ప్రార్థన. మొదట్లో తన యుద్ధాలన్నీ ఏకరువు పెట్టేవాడు. పోనుపోను ఉత్తరం కురచైంది. నేను పంపే అప్లికేషన్లు పక్కన పెట్టి చూసుకుంటే వినయం ఇద్దరిదీ ఒక్కటే. ఆయన మీద నాకు మొదటిసారి జాలేసింది. నా మీద కూడా వేసింది.

అలా కూర్చున్న పదో ఏడాదిలో ఓడ దొరికింది. తూర్పు దేశాలకు వెళ్లే ఓడలో లెఫ్టినెంటు. ఒక మధ్యాహ్నం ఆ రోజుల్ని టైపు చేస్తుండగా "కోరంగి రేవు ఎదుట లంగరు దించాం" అని కనిపించింది. కుర్చీలోంచి లేచిపోయాను. మాది తాళ్లరేవు దగ్గర. కోరంగి మడ అడవులు చూస్తూ బడికెళ్లినదాన్ని. "నీళ్లు బురద. ఎద్దులు రెండు, కొబ్బరికాయలు ఎక్కించాం. దోమలు దుర్భరం" అని రాశాడు మహానుభావుడు, ఇప్పటికీ అంతేనండీ అని స్క్రీనుతో చెప్పాను. ఆ కబురు ఎవరికైనా చెప్పాలని ఎంత తహతహలాడానో! ఇంట్లో ఎవరూ లేరు. చెప్పాలనిపించిన మనిషికి ఫోన్ చేసే ముఖం నాకు లేదు.

ఆ రేవులోనే అతని ప్రాణం పోవాల్సింది. ఇసుకతిన్నె దగ్గర అలకు పడవ తిరగబడింది. అతని పడవ నడిపే మనిషి, మా గోదారి లెక్కలో చెప్పాలంటే సరంగు, జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగాడు. ఆ సరంగు కార్క్ ఓడరేవు మనిషే, కోవ్ ఊరివాడు. చదువు రాదు, జీతం పుస్తకంలో ఇంటూ గుర్తే పెట్టేవాడు. అక్కణ్నుంచి ఎనిమిదేళ్లు అతను ఏ ఓడ మారినా సరంగు కూడా మారాడు. లాగ్‌బుక్కుల్లో అధికారుల పేర్లకంటే ఆ సరంగు పేరే ఎక్కువసార్లు టైపు చేశాను. గుండె రాయి అన్నాను కానీ, ఇంత ఇష్టం ఉన్నవాడు రాయి ఎలా అవుతాడు?

తర్వాత కలరా వచ్చింది. అప్పటికి అతను సొంత ఊరి రేవుకే వచ్చి, బయటి ఓడల్ని ఆపి తనిఖీ చేసే పనిలో ఉన్నాడు. రోగం ఉన్న ఓడ మీద పసుపు జెండా. ఉత్తరాలు పట్టకారుతో అందుకుని వెనిగర్‌లో ముంచడం. తెరచాప స్తంభాలు తీసేసిన పాత ఓడ ఒకదాన్ని రేవు మధ్యలో కట్టేసి, రోగుల్ని అందులో పెట్టారు. భోజనం వెదురుగడ చివర బుట్టలో పెట్టి అందించాలి, పడవ పడవకు తగలకూడదు. ఒకరోజు రేవుకు వచ్చిన పసుపు జెండా ఓడలోకి సరంగు ఎక్కి, స్పృహ తప్పిన మనిషిని భుజాన వేసుకుని దించాడు. అతనికి అలా చేయమని ఎవరూ చెప్పలేదు. ఇక ఒడ్డుకు రావద్దు, పాత ఓడకే పొమ్మని ఆజ్ఞ. ఆజ్ఞ ఇచ్చినవాడు ఎవరో చెప్పక్కర్లేదు.

మూడో రోజు విశేషాల గడిలో ఇలా ఉంది: "పాత ఓడకు నీళ్లు, మాంసం అందించాం. సరంగు నన్ను పేరు పెట్టి పిలిచాడు. గాలి బలంగా ఉన్నందున బదులు చెప్పలేదు." ఆ వాక్యం టైపు చేసి, అలవాటు ప్రకారం పక్క గడి నింపబోయాను. ఆ రోజు గాలి గడిలో అతని చేతిరాతే: "దాదాపు లేదు. నీళ్లు నిశ్చలం."

ఒక గడికీ పక్క గడికీ పొంతన కుదరకపోతే పట్టుకోవడమే నేను చదివిన చదువు. పట్టుకున్నాను. ల్యాప్‌టాప్ మూసేసి, రెండు రోజులు దాని జోలికి పోలేదు.

ఇప్పుడు రెండో అమ్మాయి సంగతి. ఆమెది ఖమ్మం వైపు. నాకంటే రెండేళ్లు చిన్న, అక్కా అని పిలిచేది. మా కోర్సే చదువుతూ, ఖర్చుల కోసం ఒక నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్లకు స్నానం చేయించి, తినిపించే పని చేసేది. మార్చి చివర అక్కడ ఒకావిడకు కోవిడ్ వచ్చింది. "నాకు టెస్ట్ చేసిండ్రు అక్కా, రిజల్ట్ వచ్చేదాంక నా రూమ్‌లనే ఉంటా" అని ఫోన్ చేసింది. మేమిద్దరం వంటింట్లో సమావేశం పెట్టాం. రమ్మన్నాం. అయిదు రోజులు వంట నేనే చేశాను. ఆమె కోసం ఒక స్టీలు కంచం, ఒక గ్లాసు వేరు చేశాను. అన్నం మెట్ల మీద పెట్టి వెనక్కి జరిగేదాన్ని. జగ్గు గ్లాసుకు తగలకుండా పైనుంచి నీళ్లు పోసేదాన్ని. జాగ్రత్తే కదా. ఐర్లండ్ మొత్తం జాగ్రత్తలో ఉంది. తప్పు ఇక్కడ జరగలేదు.

ఆరో రోజు రిజల్ట్ వచ్చింది, ఏమీ లేదని. కిందికి నవ్వుతూ దిగింది. దాహమేసి వంటింటి ప్రెస్, ఇక్కడ అల్మరాను అలాగే అంటారు, తెరిచి, మా గ్లాసుల్లోంచి ఒకటి తీసుకుంది. నేను అన్నాను: "నీది అక్కడుంది."

సింకు కింద, చెత్తబుట్ట పక్కన ఉంది ఆమెది. నేనే పెట్టాను. అలా పెట్టమని ఎవరూ నేర్పలేదు, మా నాయనమ్మ మడి కట్టుకుని వంటింట్లో తిరిగినప్పుడు పెరట్లో పని చేసేవాళ్ల గ్లాసు ఎక్కడుండేదో నా చేతికి గుర్తుంది, అంతే. చింత చచ్చినా పులుపు చావదంటారు. ఎనిమిది వేల కిలోమీటర్లు విమానమెక్కి వచ్చినా నా పులుపు చావలేదు. ఆమె కులం నాకు తెలియదంటే అబద్ధం. మనం ఎవర్నీ అడగం. పదిహేను రోజుల్లో తెలుసుకుని కూర్చుంటాం.

ఆమె చేతిలోని గ్లాసు కడిగి ప్రెస్‌లో పెట్టేసింది. తర్వాత లీక్స్‌లిప్ వెళ్లిన అమ్మాయి కూడా అక్కడే ఉంది, ఆమె కూడా అది తప్పని అనలేదు. తిలా పాపం తలా పిడికెడు. మర్నాడు మధ్యాహ్నం ఖమ్మం అమ్మాయి పెట్టె సర్దుకుంది. నర్సింగ్ హోమ్ వాళ్లు స్టాఫ్‌కి దగ్గర్లో గదులు ఇస్తున్నారట. టాక్సీ వచ్చింది. గేటు దగ్గర నిలబడి "అక్కా" అని పిలిచింది. రెండుసార్లు పిలిచింది. నేను పైన కిటికీ వెనక ఉన్నాను, చెవుల్లో హెడ్‌ఫోన్స్. తర్వాత లీక్స్‌లిప్ అమ్మాయి అడిగితే, పాట వింటున్నాను వినిపించలేదు అన్నాను.

ల్యాప్‌టాప్ మూసిన ఆ రెండు రోజులూ ఊరి పార్కులో తిరిగాను. లీ నది పక్కన పాత తుపాకిమందు మిల్లుల గోడలు ఉంటాయి, ఆ మందే ఓడలకు వెళ్లేదట. జనం ఒకరినొకరు చూసి గడ్డిలోకి తప్పుకుంటున్నారు. తప్పుకుంటూ నవ్వుతున్నారు, చెయ్యి ఊపుతున్నారు. దూరంగా ఉండటానికి కూడా ఒక పద్ధతి ఉందని అప్పుడు తెలిసింది నాకు. నేను ఆమెకు ఆ నవ్వు కూడా ఇవ్వలేదు. చాలా సిగ్గేసింది.

మూడో రోజు మళ్లీ తెరిచాను. సరంగు ఏమయ్యాడో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. బతికాడు. నెల తర్వాత విశేషాల గడిలో "సరంగు కోలుకుని పాత ఓడ నుంచి విడుదల. తిరిగి కొలువుకు రానన్నాడు" అని ఉంది. రేవుకు ఆ ఒడ్డున వాళ్ల అక్క ఇంట్లో ఉండి చేపలు పట్టుకున్నాడు. ఈ ఒడ్డున అధికారి. మధ్యలో రెండు మైళ్ల నీళ్లు. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు బతికాడు మా అధికారి. ఇంట్లో కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే వయసును బట్టి కెప్టెన్ని చేశారు, పైవాళ్లు ఒక్కొక్కరే చనిపోతుంటే చివరికి అడ్మిరల్నీ చేశారు. ఒక్క ఓడా చేతిలో లేని అడ్మిరల్. కొండ మీద ఇల్లు, ఒక వంటమనిషి, కిటికీలో దుర్భిణీ. లాగ్ రాయడం మాత్రం మానలేదు. ఓడ లేకపోయినా ప్రతిరోజూ గాలి రాశాడు. విశేషాల గడి ఏళ్ల తరబడి ఖాళీ.

ఉత్తరాల పుస్తకం చివర్లో సరంగుకు రాసిన ఉత్తరాలు దొరికాయి. ఏడు. పంపిన ఉత్తరాలన్నిటి కిందా పంపిన తేదీ వేసే అలవాటు ఆయనది. వీటి కింద లేదు. మొదటిది మూడు పేజీలు: క్వారంటైన్ నిబంధనలు, వాటిని పాటించడం తన విధి అన్న వివరణ. రెండోది రెండు పేజీలు. అయిదోదాంట్లో కోరంగి తిన్నె మీద పడవ తిరగబడిన రోజు గుర్తుందా అని అడిగాడు. ఏడోది చివరి ఏడాది రాసింది, చేతిరాత వణుకుతోంది. సంబోధన, తర్వాత ఒకే వాక్యం: "ఆ రోజు గాలి లేదు."

టైపు చేశాను. తేదీ గడి ఖాళీగా వదిలాను. సంఘం పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పాను. "పాపం, పంపి ఉండాల్సింది" అన్నాడు.

అక్కణ్నుంచి నేను ఖమ్మం అమ్మాయికి మెసేజ్ రాయడం మొదలుపెట్టాను. రాస్తాను, చదువుకుంటాను, తుడిచేస్తాను. మొదటిదాంట్లో ప్రభుత్వం చెప్పిన పద్నాలుగు రోజుల నిబంధన గురించే రాశానని తర్వాత చూసుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. పది రోజులు ఇదే తంతు. పదకొండో రోజు మధ్యాహ్నం, పార్కులో ఆ మిల్లు గోడ పక్క బెంచీ మీద కూర్చుని, రాయడం నాకు చేతకాదని ఫోన్ చేసేశాను.

"చెప్పక్కా" అంది. మామూలుగానే అంది. డ్యూటీ మధ్యలో బ్రేక్‌లో ఉందట.

"నేను... ఒకటి రాద్దామనుకున్నాను నీకు" అన్నాను.

"ఎరుకే. టైపింగ్ అని వస్తుండె, మళ్ల పోతుండె. పది రోజులసంది చూస్తున్న." నవ్వింది. "ఏందక్కా, నవల రాస్తున్నవా?"

అప్పుడు చెప్పేశాను. రిజల్ట్ వచ్చాక కూడా నేనన్న మాట తప్పని, చాలా నీచమైన తప్పని. గేటు దగ్గర పిలిచింది వినిపించిందని, చెవుల్లో ఏ పాటా లేదని. ఏడుస్తూ చెప్పాను. అటుపక్కన కుక్కను తిప్పుతున్న ముసలాయన ఆగి, దూరం నుంచే బాగున్నావా అన్నట్టు చెయ్యెత్తాడు.

"కిటికీల నిన్ను చూసిన అక్కా. ఎరుకే." అంది. "నువ్వు భయపడ్డవ్. దానికి నాకు కోపం లేదు. అందరం భయపడ్డం. రోగం ఉందంటే గ్లాసు వేరే పెట్టినవ్, బరాబరే. రోగం లేదన్నంక గూడ పెట్టినవ్ చూడు. మా అమ్మమ్మకు ఊర్ల హోటల్ల గ్లాసు చూరుకు పెడుతుండిరి. తాగి, కడిగి, మళ్ల ఆడనే పెట్టాలె. నేను ఇంత దూరం వచ్చి, రెంట్ మూడో వంతు కట్టి, సింకు కిందికి వంగాల్నా?"

"ఇక్కడ ముసలోళ్లు నా చెయ్యి పట్టుకుని పోతున్నరక్కా" అంది. "కొడుకులు, బిడ్డలు కిటికీ అవతల నిలబడుతుండ్రు. లోపల నేనే. నేనెవరో, ఏం కులమో వాళ్లకు తెల్వది. గట్టిగ పట్టుకుంటరు."

ఇంటికి తిరిగి రమ్మన్నాను. నీ గది అలాగే ఉంది అన్నాను. రానంది. అక్కడే బాగుందంది. బతిమాలే హక్కు నాకు లేదు కాబట్టి బతిమాలలేదు. దానికి బదులు మా అధికారి కథ చెప్పాను, కోరంగి దోమల దగ్గర్నుంచి ఏడో ఉత్తరం దాకా. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"ఆ ఉత్తరం పంపి ఉంటే సరంగు మళ్ల వచ్చేటోడా?" అని అడిగింది.

"ఏమో. నాకు తెలియదు. చదువు రాదు కదా, ఎవరితోనో చదివించుకునేవాడు."

"నేనైతే రానక్కా" అంది. "కానీ ఉత్తరం దాచుకుందును."

వెనకనుంచి ఒక ముసలి గొంతు సన్నగా ఎవర్నో పిలిచింది. పేరు కాదు, ఊరికే "హలో, హలో" అని. "కమింగ్ నౌ, లవ్" అని అచ్చం కార్క్ మనిషిలా గట్టిగా పలికి, నాకు చెప్పకుండానే ఫోన్ పెట్టేసింది.